పేరు పేరునా ప్రార్థన

ఆ ఆదివారానికి గంగులమ్మ పాస్టరుగారి గడప తొక్కి తొమ్మిది రోజులు. ఎందుకు రావడం లేదో ఆయన భార్య సంతోషమ్మకు ఇంకా తెలియదు. కొళాయి దగ్గర ఎదురుపడినప్పుడు బిందె సగం కూడా నిండకముందే ఎత్తి నడుమున పెట్టుకుని గంగులమ్మ వెళ్లిపోవడం, ఆ వీపు మలుపు తిరిగేదాకా సంతోషమ్మ చూస్తూ నిలబడిపోవడం, పోయిన వారం మనం చూసిందే. అప్పటినుంచి గువ్వలమిట్టలో ఆమె పలకరిస్తే పలకనివాళ్లు లేరు. అడిగినదానికి జవాబు చెబుతున్నారు. ఆపైన ఇంకో మాట మాత్రం ఎవరూ కలపడం లేదు.

ఆ రోజు ఇంట్లో తగాదా జంపకానా దగ్గర మొదలైంది.

ప్రార్థన హాలు ఇంటిని ఆనుకునే ఉంటుంది. రేకుల కప్పు, మూడు కిటికీలు, ముందర చిన్న అరుగు. ఆదివారం పొద్దున ఏడింటికల్లా సంతోషమ్మ హాలు ఊడ్చి, మూలన నిలబెట్టిన నీలం జంపకానాను దొర్లించుకుంటూ వచ్చి పరుస్తుంది. పూర్తిగా పరిస్తే గోడనుంచి గోడదాకా వస్తుంది, నలభైమంది కూర్చోవచ్చు. ఆ రోజు ఆమె సగమే విప్పి, మిగతా చుట్టను వెనకవైపు అలాగే వదిలేసింది. భర్త ప్రేమానందం చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి చూశాడు.

"ఇదేమి, సగమే పరిచినావు?"

"చాల్లే అని."

పూర్తిగా పరచమన్నాడు. మధ్యాహ్నం దాన్ని బయటికి ఈడ్చి, దులిపి, మళ్లీ చుట్టేది తానే కదా అని ఆమె అంది. పోయిన ఆదివారం తొమ్మిదిమంది కోసం నలభైమంది జంపకానా దులిపితే రెండు రోజులు నడుము పట్టేసిందని కూడా అంది. అతను వినిపించుకోకుండా వంగి చుట్టను తోయబోయాడు. ఆమె కాలు అడ్డం పెట్టింది. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఎన్నడూ చేయని పని అది. చేశాక ఆమెకే వింతగా అనిపించింది, కానీ కాలు మాత్రం తీయలేదు.

"జనాన్ని చూసి పరుస్తామా సంతోషా? పరిచిపెడితే జనం వస్తారు."

"ప్రసంగం హాల్లో జనానికి చెప్పండి. నాకొద్దు."

తల దువ్వుకుంటూ గుమ్మంలోకి వచ్చిన కూతురు నిస్సీ ఇద్దరినీ చూసింది. పిల్లకు పదో తరగతి పరీక్షలు నడుస్తున్నాయి. చేతిలో దువ్వెన, చంకలో సాంఘికశాస్త్రం పుస్తకం. "ముప్పావు పరిస్తే ఇద్దరూ గెలిచినట్టే" అని చెప్పి లోపలికి పోయింది. ఎవరూ నవ్వలేదు. చివరికి జంపకానా ముప్పావుకే ఆగింది. మిగిలిన చుట్ట హాలు వెనక, ఎవరో ముడుచుకుని పడుకున్నట్టు ఉండిపోయింది.

ఆరాధనకు నలుగురు వచ్చారు. మునెయ్య తాత, అతని వెంట ఇద్దరు మనవళ్లు, కొండ కిందినుంచి బంధువుల ఇంటికి వచ్చి ఊరి సంగతులేవీ తెలియని ఒక కొత్త కోడలు. ప్రేమానందం నలభైమంది ఉన్నట్టే గొంతెత్తి ప్రసంగించాడు. కీర్తన ఎత్తుకున్నప్పుడు సంతోషమ్మ గొంతు ఒక్కటే రేకులకు తగిలి తిరిగి వచ్చింది. ఆ మధ్యలో కిటికీలోంచి దబ్, దబ్ మని కర్రల చప్పుడు. గంగులమ్మ వాకిట్లో ఆడవాళ్లు చింతపండు కొడుతున్నారు.

నాలుగేళ్లలో ఏ మార్చి నెలలోనూ ఆదివారం పదకొండు కాకముందు మిట్ట మీద చింతపండు కర్ర లేవలేదు. గుడికి రానివాళ్లు సైతం ఆరాధన అయ్యేదాకా ఆగేవారు. అది ఎవరూ పెట్టిన కట్టుబాటు కాదు, అయ్యగారి మీద ఒక మర్యాద. ఇప్పుడు ఆ కర్రలు ఆగి ఆగి, హాల్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడే పడుతున్నట్టు ఆమెకు తోచింది. అది తన ఊహ కావచ్చు. కానీ ముగింపు ప్రార్థనకు కళ్లు మూసుకున్నప్పుడు ఆమె మనసులో దేవుడు లేడు, ఆ కర్రలే ఉన్నాయి. ఇవాళ వెళ్లి అడిగేయాలి అనుకుంది.

గంగులమ్మ రాకపోతే సంతోషమ్మకు అంత లోటు ఎందుకో చెప్పాలి.

సంతోషమ్మది చిత్తూరు. కోర్టు వెనక వీధిలో, బస్సుల హారన్ల మధ్య, ఎదురింటివాళ్లతో మేడమీదినుంచే మాట్లాడుకుంటూ పెరిగింది. బీఏ తెలుగు చదివింది. ప్రేమానందాన్ని కొండగ్రామాల సేవకు సంఘంవాళ్లు పంపినప్పుడు, పూతలపట్టులో బస్సు దిగి ఆటోలో, ఆటో ఆగినచోటినుంచి నడిచి, ఈ ముప్పైఆరు ఇళ్ల మిట్టకు వచ్చింది. భర్త పొద్దున్నే బండి వేసుకుని చుట్టుపక్కల ఐదు పల్లెలు తిరిగి చీకటి పడేముందు వస్తాడు. నిస్సీ బడికి కిందికి పోతుంది. తొమ్మిదినుంచి ఐదుదాకా ఆ ఇంట్లో ఆమె, కుట్టుమిషను, కొండమీదినుంచి దిగే గాలి. వానాకాలంలో మబ్బు కిటికీలోంచి లోపలికి వచ్చి, ఆరేసిన బట్టల మధ్య తిరిగి, వచ్చిన దారినే పోయేది. మొదటి ఏడాది ఆమె గడియారానికి కీ ఇచ్చేటప్పుడు కూడా పైకే మాట్లాడేది.

గంగులమ్మ అప్పుడు వచ్చింది. ఆమెకు అక్షరం రాదు, మొహమాటం అసలే రాదు. మొదటి రోజే వంటింట్లోకి నేరుగా నడిచి, పొగ చూసి, ఈ కట్టె తెచ్చినవాడెవడో నీకు పగవాడు అని చెప్పి, పొగరాని కట్టె ఏదో చూపించింది. ఆ తర్వాత సాయంత్రం నాలుగైతే చాలు, కొంగులో ఏదో ఒకటి కట్టుకుని వచ్చేది. ఓ పిడికెడు చింతచిగురు, ఓ సీతాఫలం, ఒక్కోసారి ఏమీ లేక ఒట్టి కబుర్లు. ఇద్దరూ పెరటి మెట్ల మీద కూర్చునేవారు. గంగులమ్మ చెప్పేది. సంతోషమ్మ వినేది, నవ్వేది, అప్పుడప్పుడు గంగులమ్మ ఏడుస్తుంటే చెయ్యి పట్టుకునేది. ఆ గంటసేపు కోసమే మిగతా రోజు గడిచేది.

ఆరాధన ముగిసి, నలుగురూ వెళ్లాక, ఆమె జంపకానా దులపకుండానే చీర కుచ్చిళ్లు సర్దుకుని బయలుదేరింది.

గంగులమ్మ వాకిట్లో ఆరుగురు ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. ప్రతి ఒక్కరి ముందూ ఒక రాయి, చేతిలో పొట్టి కర్ర. పెంకు తీసిన చింతకాయను రాతి మీద పెట్టి కొట్టి, గింజ ఒక పక్కకు, పండు ఒక పక్కకు వేస్తున్నారు. వాళ్లలో కోమలి కనబడింది. గంగులమ్మ కూతురు, ఇరవైరెండేళ్ల పిల్ల. రేణిగుంటలో ఫ్యాక్టరీలో పని, అక్కడే హాస్టల్లో ఉంటుంది. ఆదివారానికి వచ్చిందేమో అనుకుంది సంతోషమ్మ. కానీ గోడ పక్కన రెండు పెట్టెలు, చుట్టిన పరుపు కనిపించాయి. ఒక్కరోజుకు వచ్చిన మనిషి పరుపు మోసుకుని రాదు.

కర్రలు ఆగిపోయాయి.

"అక్కా, నా మీద కోపమా?" అని అడిగింది సంతోషమ్మ. ఇంకోరకంగా మొదలుపెట్టాలని దారిపొడుగునా అనుకుంది. నోటికి వచ్చింది మాత్రం ఇదే.

గంగులమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, కూతురు పక్కనున్న ఫోను తీసి ఇచ్చింది. "సదువు" అంది.

తెరమీద సంఘంవారి గుర్తు, పావురం బొమ్మ. ఆ కింద జనవరి నెల ప్రార్థన లేఖ.

సంతోషమ్మకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తన ఉత్తరం ఈ వాకిట్లోకి ఎలా వచ్చింది అన్నది ఒక్కటే తోచింది. సొంత వంటింటి గిన్నె బజార్లో ఎవరి చేతిలోనో కనబడినట్టు ఉంది.

ప్రతి నెలా సంఘానికి ఆ ఉత్తరం పోవాలి. మిషను సేవలో ఉన్న ఏ కుటుంబానికైనా అది తప్పదు. కొండమీద ఏం జరిగింది, ఎవరికోసం ప్రార్థించాలి అని రాసి పంపితే, ఆఫీసువాళ్లు అచ్చువేసి, ఫోన్లలో కూడా పెట్టి, వాళ్లకోసం ప్రార్థించే మూడువందల ఇళ్లకు చేరవేస్తారు. కింద సంతకం ప్రేమానందానిది. రాసేది సంతోషమ్మ. అతను రాస్తే లెక్కల మాస్టరు రాసినట్టు ఉంటుందని మొదటి నెలే ఆమె కలం లాక్కుంది. మొదట్లో "ఒక సహోదరి", "ఒక కుటుంబం" అని రాసేది. ఏడాది తిరిగాక కార్యదర్శి జయరావుగారు ఫోను చేశారు. ఉత్తరం చాలా బాగుంటోందని, అయితే ఒక సహోదరి అంటే ఎవరి మనసులో నిలుస్తుందమ్మా అని, పేరు ఉండాలని, వీలైతే ఫొటో ఉండాలని, పేరు పేరునా చేసే ప్రార్థనకే బలమని చెప్పారు. ఆయన మంచి మనసుతోనే చెప్పారు. ఆమె మంచి మనసుతోనే విన్నది.

"నాకు సదువు రాదు. వీళ్లూ వాళ్లూ సదివినప్పుడు ఇన్నాను. నువ్వు రాసింది నువ్వు సదివితే ఎట్లుంటుందో ఇనాల. గట్టిగా సదువు" అంది గంగులమ్మ.

సంతోషమ్మ నిలబడే చదివింది.

"'గువ్వలమిట్టలో కోమలి ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. ఆ నవ్వు వెనక పదేళ్ల భయం ఉన్నదని కన్నతల్లి గంగులమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.'"

ఎవరికీ తెలియదు అన్నచోట ఆమె ఆగింది. మూడువందల ఇళ్లకు రాసిన మాట అది. గంగులమ్మ చెయ్యి ఊపింది, కానివ్వు అన్నట్టు.

"'పన్నెండో ఏట పొయ్యి ముందు మూర్ఛ వచ్చి పడిపోయిన ఆ బిడ్డ ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ ఇంకా ఉంది. ఎండాకాలంలో కూడా నిండుచేతుల బట్టలు వేసుకుని దాన్ని దాచుకుంటుంది. పెళ్లి మాటలు నడుస్తున్న ఈ సమయంలో, ఈ రహస్యం ఆ బిడ్డ జీవితానికి రాయిగా మారకూడదని, కోమలి పేరు పెట్టి కన్నీటితో ప్రార్థించండి.'"

చదువుతూ ఉండగానే, ఆ బిడ్డ అన్న మాట రెండుసార్లు పడిందని, ఒకటి తీసేయవలసింది అని ఆమె మనసులో ఒక మూల తోచింది. తోచినందుకు తనమీద తనకే జుగుప్స కలిగింది. ఉత్తరం కింద కోమలి ఫొటో. క్రిస్మస్ నాడు నక్షత్రం కడుతుండగా తనే తీసింది. నిండుచేతుల పసుపుపచ్చ డ్రెస్సు. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న పిల్ల ఒంటిమీద కూడా అదే డ్రెస్సు.

గంగులమ్మ గొంతు పెంచలేదు. "మెట్ల మీద కూసోని నీకు సెప్పింటి. దేవునికి సెప్పమని సెప్పింటి. ఊరికి సెప్పమన్లేదే సంతోసమ్మా."

క్షమించమని సంతోషమ్మ అంది. ప్రార్థనకోసమే రాశానని, చెడు తలపు లేదని అంది. అంటుంటేనే ఆ మాటలు ఎంత తేలికగా ఉన్నాయో ఆమెకు వినబడింది. పేర్లు పెట్టమని ఆఫీసువాళ్లు చెప్పారు అన్నది కూడా నాలుక చివరిదాకా వచ్చింది కానీ, దాన్ని మింగేసింది.

అప్పుడు కోమలి మాట్లాడింది. చింతపండు కొడుతూనే, తల ఎత్తకుండా.

"మాత్ర మింగతా ఉండాను పిన్నీ. ఆరేండ్లయింది రాక. నీకు తెలుసు గదా. ఆ మాట రాయలేదే?"

తెలుసు. గంగులమ్మ అదీ చెప్పింది. రాసిన కాగితంలో ఆ వాక్యం కూడా మొదట ఉండింది. మందులతో తగ్గిపోయిందంటే ఇక ప్రార్థించడానికి ఏముంది, పేరా పట్టు తప్పుతుంది అని ఆమే కొట్టేసింది. అది చెప్పకపోయినా కోమలికి అర్థమైనట్టే ఉంది.

"గిరికి నేనే చెప్పాలనుకుంటి" అంది ఆ పిల్ల. గిరి ఆమెకు కుదరబోయిన కుర్రవాడు, రేణిగుంటలోనే గోడౌన్లో పని. "ఈస్టర్ పండక్కి పెళ్లి ప్రధానం అనుకునిరి. దానికి ముందే ఆయన్ని కూసోబెట్టి చెప్తామని, ఏ మాట ముందు, ఏ మాట వెనక అని హాస్టల్లో పడుకోని అన్నీ అనుకోని పెట్టుకున్నా. వాళ్ల అత్తకు ఫోన్లో వచ్చిందంట ఇది. ఆమె ఆయనకు పంపింది. ఆయన నా కాడికొచ్చి ఫోన్ చూపించి, ఇది నువ్వేనా అని అడిగినాడు. అంతే అడిగినాడు. చెప్పేది నాది పిన్నీ. అది నువ్వు చెప్పేసినావు."

ప్రధానం ఆగిపోయిందని, హాస్టల్లో తోటిపిల్లలు కోమలి పక్కన పడుకోవడానికి భయపడుతున్నారని, పని మానేసి పరుపుతో సహా వచ్చేసిందని మిగతా సంగతి పక్కనే చింతపండు కొడుతున్న ఉదయలక్ష్మి చెప్పింది. చెప్పేటప్పుడు కోమలి లేచి నిలబడింది. డ్రెస్సు ఎడమచేతిని మోచేయి దాటేదాకా పైకి మడిచింది. మచ్చ అరచేయంత ఉంది. మళ్లీ కూర్చుని కర్ర అందుకుంది. ఆ చేతిని ఆ తర్వాత కిందికి దించుకోలేదు.

సంతోషమ్మ అక్కడినుంచి వెళ్లిపోయి ఉంటే ఆ వేళకు అది ముగిసేది. ఆమె వెళ్లలేదు. ఆ నిలబడ్డ కాసేపట్లోనే ఉదయలక్ష్మి, ఇప్పుడే తట్టినట్టు, ఆమెవైపు తిరిగింది.

"నా గురించి ఏం రాసినావు?"

సంతోషమ్మకు వెంటనే గుర్తొచ్చింది. రెండేళ్ల కిందటి ఆగస్టు. ఉదయలక్ష్మి మొగుడు, కోయంబత్తూరులో ఇంకో ఇల్లు. పేరు పెట్టి రాసింది, ఊరు పెట్టి రాసింది. గుర్తుండటం ఆమె మొహంలో కనబడిపోయింది. ఉదయలక్ష్మి కర్ర కింద పెట్టేసింది.

"ఉండాదన్నమాట" అంది.

ఆపైన ఒక్కొక్కరే అడగడం మొదలుపెట్టారు. గొడవగా కాదు. రేషను దుకాణం దగ్గర తమ పేరు జాబితాలో ఉందా అని అడిగినట్టు, నెమ్మదిగా, వరుసగా. మునెయ్య తాత తాగుడు రాసినావా. మా కోడలికి బిడ్డలు నిలవని సంగతి. మావాడు స్టేషన్లో రెండు రాత్రులు ఉన్నది. అన్నిటికీ ఆమె తల ఊపింది. ఎన్ని ఉత్తరాలని గంగులమ్మ అడిగింది. నెలకొకటి, నలభై ఏడు అంది సంతోషమ్మ.

"నలభై ఏడు." గంగులమ్మ ఆ అంకెను నోట్లో తిప్పుకుంది. "నాలుగేండ్లుగా మా ఇండ్లన్నీ తలుపులు తీసి పెట్టినావు. మాకు తెల్దు. వాళ్లకంతా తెలుసు, మాకు తెల్దు. ఏం రాసినావో మాకు తెలియాల గదా?"

ఎవరో ఒకరు కసిరికొట్టి ఉంటే బాగుండేదనిపించింది సంతోషమ్మకు. ఎవరూ కసరలేదు. కాసేపటికి కర్రలు మళ్లీ పడటం మొదలైంది. ఆమె వెనుదిరిగి నడిచింది.

ఇంటికి పది నిమిషాల దారి కూడా కాదు. ఆ దారిలో ఆమె ఒక సంగతి తనకు తాను ఒప్పుకోవలసి వచ్చింది. ఆ ఉత్తరాలు ఆఫీసు అడిగిందని మాత్రమే రాయలేదు. నెలాఖరున ఆ కాగితాలు ముందు పెట్టుకున్నప్పుడే ఆమెకు ఈ కొండమీద మనుషులున్నట్టు అనిపించేది. రేణిగుంటలో రిటైరైన ఒక టీచరమ్మ, మీ ఉత్తరం వచ్చిన రోజు మా ఇంట్లో పండుగ అని రాసింది. వేలూరునుంచి ఒకాయన, నెలంతా ఎదురుచూస్తాం అన్నాడు. చదివిన తెలుగుకు ఇక్కడ ఎవరితోనూ పనిలేని మనిషికి, ఎదురుచూసే మూడువందల ఇళ్లు దొరికాయి. వాళ్లకు ప్రతి నెలా ఏదో ఒకటి పెట్టాలి కదా. మెట్ల మీద గంగులమ్మ తెచ్చి ఇచ్చినదే తీసి వాళ్లకు పెట్టింది. ఉన్న ఒక్క స్నేహాన్ని ముఖం తెలియని స్నేహాలకు ఖర్చు పెట్టింది.

ఇంట్లో అన్నం వండి ఉంది. కోడికూర నిస్సీ దించిపెట్టింది. శనివారం సాయంత్రం ప్రేమానందం కిందినుంచి కోడి తేవడం, ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ కలిసి కింద కూర్చుని తినడం ఆ ఇంట్లో అలవాటు. వారంలో ముగ్గురూ కలిసి తినే మధ్యాహ్నం అదొక్కటే. పొద్దుటి తగాదా ఇంకా మొహాల్లో ఉండబట్టి ప్రేమానందం కంచం ముందు కూర్చుని, జంపకానా తానే దులిపి చుట్టేశానని గోడకు చెప్పాడు.

సంతోషమ్మ వడ్డించింది. తన కంచంలో కూడా పెట్టుకుని, కలపకుండా, జరిగినదంతా చెప్పింది. ఏదీ తగ్గించలేదు. కొట్టేసిన వాక్యం సంగతి కూడా చెప్పింది.

ప్రేమానందం గంగులమ్మను అడిగే రాశావనుకున్నానన్నాడు. ఆ మాటలో నింద లేదు. తను అడగకపోవడమే తప్పన్నట్టు ఉంది. సాయంత్రం ఇద్దరూ కలిసి వెళ్లి తల్లీకూతుళ్ల కాళ్లు పట్టుకుందామని, గిరి ఇంటివాళ్లతో తాను రేణిగుంట పోయి మాట్లాడతానని అన్నాడు. అతను మంచివాడు. ఆ మంచితనం ఎప్పుడూ రోడ్డెక్కి ఎక్కడికో బయలుదేరుతుంది.

"పొండి. నేను వేరే ఒకటి అనుకున్నాను" అంది సంతోషమ్మ.

నిస్సీ తల ఎత్తింది.

"వచ్చే ఆదివారం ఆరాధన అయినాక, వచ్చినవాళ్లను, రానివాళ్లను అందరినీ పిలుస్తాను. ఆ నలభై ఏడు ఉత్తరాలు ఫైల్లో ఉండాయి. మొదటినుంచి చివరిదాకా చదువుతాను. ఎవరి సంగతి వాళ్లకు. నలుగురిలో వద్దన్నవాళ్లకు పక్కకు పిలిచి చదువుతాను. వాళ్ల కాగితం వాళ్లకిచ్చేస్తాను. ఇంక ఉత్తరం నేను రాయను."

అతను కంచం పక్కకు జరిపాడు. అంతా నెమ్మదిగానే చెప్పాడు. క్షమాపణ వేరు, ఇది వేరు అన్నాడు. ఒక్క కోమలి సంగతికే జనం ఇట్లా అయిపోతే నలభై ఏడు విన్నాక హాలుకు ఎవరొస్తారన్నాడు. ఈ సంగతి చిత్తూరుకు పోకుండా ఉండదని, జయరావుగారు నెల తిరగకముందే తమను కొండ దింపేస్తారని, పరీక్షల మధ్య పిల్లను తీసుకుని ఎక్కడికి పోతామని అడిగాడు. నాలుగేళ్లుగా ఆ ఐదు పల్లెలు తిరిగిన బండి చక్రాల అరుగుదలంతా అతని గొంతులో ఉంది. ఆమె అన్నీ విన్నది. ఏ ఒక్కటీ అబద్ధం కాదని ఒప్పుకుంది కూడా.

"దింపితే దిగుదాం. కానీ వాళ్లకు తెలియకుండా వాళ్ల సంగతి మన ఫైల్లో పెట్టుకుని ఈ మిట్ట మీద ఇంకొక పూట అన్నం తినలేను."

బయట గంగులమ్మ వాకిటి కర్రలు ఆగినట్టున్నాయి. ప్రేమానందం నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, దాన్నే చూస్తూ ఉన్నాడు. చివరికి సరే అన్నట్టు తల ఊపాడు.

"చదువు. నవంబరుది మాత్రం తీసిపెట్టు."

"ఏ నవంబరు?"

"మొన్నటిది."

సంతోషమ్మ లెక్క వేసుకోనక్కరలేదు. నలభై ఏడింటిలో తను రాయని ఉత్తరం అదొక్కటే. ఆ నెల ఆమె చిత్తూరులో పుట్టింట్లో ఉంది. అమ్మకు జ్వరమని మిట్టకంతా చెప్పి వెళ్లింది. జ్వరం నిజం కాదు. ఇక ఈ కొండ ఎక్కనని, ఇక్కడ ఉంటే తన గొంతు తనకే మరిచిపోయేలా ఉందని, బయలుదేరే ముందు ఆమె చెప్పింది ఒక్క భర్తతోనే. ఇరవైఆరో రోజున కోమలి ఫోనులోంచి గంగులమ్మ మాట్లాడి, మెట్ల మీద ఒక్కదాన్నే కూసోలేకున్నా, ఎప్పుడొస్తావు అని అడిగితే తిరిగి వచ్చింది. వచ్చాక ఆ నెల ఉత్తరం ఎవరు రాశారని అడగలేదు. ఏవో నాలుగు ముక్కలు ఆయనే రాసి ఉంటాడనుకుంది.

ఆమె భర్త మొహంలోకి చూసింది. అతను గ్లాసు మీదినుంచి చూపు తీయలేదు. నిస్సీ చెయ్యి కంచంలో ఆగిపోయి ఉంది.

"నాయన చెప్తా ఉంటే నేనే టైపు చేసినానమ్మా" అంది నిస్సీ. "వద్దంటిని. నీ పేరు పెట్టొద్దంటిని."

సంతోషమ్మ కంచంలో అన్నం అలాగే ఉంది. ఆమె దాన్ని కలుపుకుంది, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పూర్తిగా నమిలి మింగింది.

"అయితే వచ్చే ఆదివారం అందరి ముందూ అదే మొదట చదువుతాను" అంది.